బొగ్గు ఎందుకు కరిచింది

బొగ్గు మొదటిసారి గుర్రుమన్నప్పుడు, అది తనను చూసేనని డ్రైవరమ్మ అనుకోలేదు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని, యూనిఫాం చొక్కా కూడా మార్చకుండా వంటింట్లోకి వచ్చింది. నేల మీద ఒలికిన నీళ్ళు తుడుద్దామని గుడ్డ పట్టుకుని వంగింది. రెండడుగుల దూరంలో కుక్క గిన్నె మీదికి ఒళ్ళంతా వంచి, చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి చూస్తోంది. వెనకాల ఎవరైనా కొత్తవాళ్ళొచ్చారేమోనని ఆవిడ తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. వీధిలో అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఏ బిల్డింగులో ఎవరు మధ్యలో ఇరుక్కుపోయినా ఫోను మోగుతుంది, చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తాలి. ఒక కూతురు, బడికి వెళ్ళే పిల్ల. ఇక మామగారు. బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో పగలంతా ఉండేది ఆయనా, బొగ్గూ.

బొగ్గును పెంచింది కూడా ఒకరకంగా ఆయనే. వర్షంలో డిపో గోడవార ముడుచుకుపడుంటే డ్రైవరమ్మ చొక్కాలో చుట్టి తెచ్చింది కానీ, దానికి కూర్చో, ఆగు, తిను అని నేర్పింది మాస్టారు. ఆయన మెడలోని ఈల మెల్లగా ఊదితే ఎక్కడున్నా వచ్చి ముందు కూర్చునేది. ఎదురుగా తిండి పెట్టినా ఆయన 'ఊఁ' అనేదాకా మూతి ముట్టించేది కాదు. వీధిలో వాళ్ళు వాళ్ళ పిల్లలకు చూపించి, ఆ కుక్కకున్న బుద్ధి నీకు లేదు కదరా అనేవాళ్ళు.

అలాంటి కుక్క కాస్తా ఇల్లు పీకి పందిరేయడం మొదలుపెట్టింది. బల్ల మీది రొట్టె మాయమయ్యేది. పాప బడిసంచీ చింపి డబ్బా లాగేసేది. దొరికిందల్లా మంచం కిందికి తీసుకుపోయి దాచుకునేది. ఒకరోజు సబ్బుబిళ్ళ సగం తినేసి ఇల్లంతా వాంతులు చేసింది. ఈల వినబడితే వచ్చి కూర్చోవడం మాట అటుంచి, ఉన్నచోటే ఉచ్చపోసుకునేది. డ్రైవరమ్మ అరిచింది, వేలు చూపించి బెదిరించింది, ఒకటి రెండుసార్లు చేయి కూడా చేసుకుంది. ఆ తర్వాత దాని ముఖం చూడలేక బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడింది.

డిపోలో అందరూ తలా ఒక సలహా చెప్పారు. కట్టేయమన్నారొకరు, పస్తు పెట్టమన్నారు ఇంకొకరు. కుక్కలకూ మెనోపాజు వస్తుందని ఒక కండక్టరు తేల్చేశాడు. బొగ్గు మగదని చెప్తే, అయితే మరీ ప్రమాదం అన్నాడు.

పశువుల డాక్టరమ్మ మాత్రం పళ్ళు చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కి చూసింది, రక్తం తీసి పరీక్ష చేయించింది. ఒంట్లో ఏ జబ్బూ లేదని చెప్పి, తినేటప్పుడు ఎవరైనా దాని గిన్నె లాక్కుంటున్నారా అని అడిగింది. మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరంది డ్రైవరమ్మ. కొంచెం పౌరుషంగానే అంది. గిన్నె కాపలా కాసే కుక్కకు గిన్నె పోతుందన్న భయం ఉంటుంది, అది పొగరు కాదు, తిట్టినా కొట్టినా ఆ భయం ముదురుతుంది అని చెప్పింది డాక్టరమ్మ. తినేటప్పుడు దూరంగా నిలబడి, దానికి ఇంకా ఇష్టమైనదేదో గిన్నెలోకి విసరమంది. మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి తెలిసిరావాలట.

డ్రైవరమ్మ అక్షరాలా అలాగే చేసింది. రోజూ సాయంత్రం గోడకానుకుని నిలబడి ఉడికించిన మాంసం ముక్కలు గిన్నెలోకి విసిరేది. పడుకునే వేళకు బొగ్గు మెత్తబడేది, తోక ఊపేది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చేది. రోజూ ఎవరో పనిగట్టుకుని తన పనంతా చెరిపేస్తున్నట్టుగా ఉండేది ఆవిడకు.

పైగా నెలంతా రావాల్సిన కుక్కతిండి సంచి సగం నెలకే అడుగంటుతోంది. నువ్వు గారాబం చేసి ఎక్కువ పెడుతున్నావని మొగుడితో గొడవపడింది. పెట్టేది నువ్వేనని అతనన్నాడు. మామగారిని అడిగితే, మధ్యాహ్నం ఒక్కసారే కదమ్మా పెట్టేది అన్నారు, పేపరులోంచి తలెత్తకుండా.

చివరికి ఒక మధ్యాహ్నం బొగ్గు ఆయన్ని కరిచింది. అరచేయి చీరుకుపోయింది. కుట్లు పడ్డాయి. ఏం జరిగిందంటే ఆయన ఏమీ చెప్పలేదు, కుక్క కదా, కరుస్తుంది అన్నారంతే. ఆ సాయంత్రం పాప గిన్నె పక్కనుంచి నడుస్తుంటే ఆ పిల్ల మీదికి కూడా పళ్ళు తెరిచి ఎగబడింది. పిల్ల గౌను అంచు చిరిగింది కానీ ఒంటికి తగల్లేదు.

మెకానిక్కు గొంతు పెంచలేదు. కుక్కల్ని పెట్టుకునే షెల్టరొకటి ఊరి చివర ఉందని, మాట్లాడేశానని, ఆదివారం తీసుకెళ్ళి దింపేస్తానని చెప్పాడు. కరిచే కుక్కను అక్కడ ఎన్నాళ్ళుంచుతారో ఇద్దరికీ తెలుసు. చిరిగిన గౌను చేతిలో పట్టుకుని డ్రైవరమ్మ ఏ మొహం పెట్టుకుని కాదనగలదు?

శుక్రవారం నాడు రెండో ట్రిప్పులోనే బస్సు బ్రేకుల్లో గాలి నిలవడం మానేసింది. ప్యాసింజర్లను దింపి, బండిని మెల్లగా డిపో చేర్చింది. వేరే బండి లేదు, ఇంటికి పొమ్మన్నారు. దగ్గర దారని వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు దగ్గర చెప్పులు విప్పుతుంటే, వంటింటి కిటికీలోంచి మామగారి గొంతు వినబడి తొంగి చూసింది.

ఆయన కట్టు కట్టిన చేత్తో గిన్నె నింపి నేల మీద పెట్టారు. బొగ్గు ఆయన ముందు కూర్చుంది. కూర్చుందే కానీ ఒళ్ళంతా వణుకుతోంది. 'ఊఁ' అన్నారు, ప్రేమగానే అన్నారు. అది తినడం మొదలుపెట్టింది. ఆయన కుళాయి దగ్గరికెళ్ళి గ్లాసు కడిగి బోర్లించి ఇటు తిరిగారు. అక్కడ కుక్క తినడం చూసి ఆయన ముఖం మారిపోయింది.

"ఎవరు తినమన్నారు నిన్ను?"

గిన్నె లాగేసుకున్నారు. గోడకున్న చీపురు తీసి వీపు మీద బాదారు. అది బల్ల కిందికి దూరింది. గిన్నె అల్మారాలో పెట్టి తలుపు వేశారు. కుర్చీలో కూర్చుని కాసేపు ఆయాసపడ్డారు. తర్వాత లేచి, అటూ ఇటూ చూసి, నీకింకా పెట్టనేలేదు కదరా అంటూ బల్ల కిందికి వంగి బుజ్జగించారు. ఇంకో గిన్నె తీసి మళ్ళీ నింపారు. అది రానంటే మెడపట్టీ పట్టుకుని లాక్కొచ్చారు. భయపడుతూనే మూతి పెట్టింది. ఆయన కుళాయి వైపు తిరిగారు, మళ్ళీ కుక్క వైపు తిరిగారు. మళ్ళీ చీపురు అందుకున్నారు. ఈసారి బొగ్గు గిన్నె మీద కాళ్ళు వేసి పళ్ళు బయటపెట్టింది.

డ్రైవరమ్మ చెప్పులు చేత్తోనే పట్టుకుని లోపలికి పరిగెత్తింది. కోడల్ని చూసి ఆయన చీపురు దించేశారు, ఏదో చిన్న తప్పు చేస్తూ దొరికినవాడిలా నవ్వారు.

"పులి ఇవాళ ఏమీ తినడం లేదమ్మా. ఒంట్లో బాగోలేదేమో," అన్నారు.

పులి అంటే తన మొగుడు నిక్కర్లేసుకునే రోజుల్లో ఈ ఇంట్లో ఉన్న కుక్క. ఆవిడ దాన్ని ఫోటోలో చూసిందంతే. మెల్లగా ఆయన చేతిలోంచి చీపురు తీసుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. నేలంతా చెల్లాచెదురైన తిండి ఎత్తింది. ఇన్నాళ్ళూ కుక్క చెవులు ఎటు వాల్చిందో, తోక ఎలా పెట్టిందో గమనిస్తూ కూర్చుంది. పక్కనే ఉన్న మనిషి ముఖంలోకి ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ మొగుడికి చెప్పింది. కొట్టిన సంగతి దాచి, మర్చిపోతున్నారని మాత్రం చెప్పింది. అతను దుప్పటి మడత పెడుతూ వింటున్నవాడల్లా ఆగిపోయాడు.

"కుక్కను దక్కించుకోడానికి మా నాన్నకు మతిలేదంటావా?"

అలా అనలేదంది. కళ్ళారా చూశానంది. కావాలంటే నువ్వే ఒకరోజు సెలవు పెట్టి చూడమంది. కన్నతండ్రిని కిటికీ చాటునుంచి చూసేంత దిగజారలేదన్నాడతను. వయసన్నాక మర్చిపోరా, నేను మర్చిపోవడం లేదా అన్నాడు. దుప్పటి తీగ మీదే వదిలేసి కిందికి వెళ్ళిపోయాడు. కుక్కను దక్కించుకోడానికన్న మాట ఆవిడకు ముల్లులా దిగింది. అందులో రవ్వంత నిజముందేమో అన్న అనుమానం ఇంకా లోతుగా దిగింది. ఆదివారం గడువు లేకపోతే మామగారి సంగతి ఇంత తొందరగా నోరు తెరిచి చెప్పేదా?

శనివారమంతా ఇద్దరూ పాప ద్వారానే మాట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున్నే మెకానిక్కు తాడు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. బొగ్గు సోఫా వెనక నక్కింది. పాప ఏడుస్తోంది. డ్రైవరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. రారా, రా అని అతను కుక్కను పిలుస్తుంటే, మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"దాన్నెందుకురా పంపిస్తావు?"

కరిచింది కదా నాన్నా, నీకు కుట్లు పడ్డాయి కదా అన్నాడు కొడుకు. ఆయన కట్టు వైపు చూసుకున్నారు.

"అది నన్ను చూస్తే దాక్కుంటోంది. ఈల ఊదితే ఉచ్చపోసుకుంటోంది. నేను పెంచిన కుక్క అది. ఊరికే అలా అవదు. నేనేదో చేస్తున్నానురా దాన్ని. ఏం చేస్తున్నానో నాకు గుర్తుండటం లేదు."

ఆయనే మళ్ళీ నెమ్మదిగా చెప్పారు. మధ్యమధ్య తెగిపోతోందన్నారు. చేతిలో చీపురుంటుంది, ఊడ్వడానికి తీశానేమో అనుకుంటానన్నారు. అల్మారాలో నిండు గిన్నెలుంటాయి, ఎవరు పెట్టారో తెలియదన్నారు. మీకు చెప్తే నన్ను ఒంటరిగా ఉండనివ్వరని చెప్పలేదన్నారు. ఈ ఆఖరి మాట కోడలి వైపు చూసి అన్నారు. ఆవిడ తల వంచుకుంది.

మెకానిక్కు తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు.

ఆ వారంలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తలకు స్కానింగు తీశారు, బొమ్మలు చూపించి పేర్లడిగారు, గడియారం గీయమన్నారు. డాక్టరు చెప్పింది అందరూ అనుకున్నదే, మతిమరుపు జబ్బు. మందు దాని వేగాన్ని తగ్గిస్తుంది తప్ప పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తీసుకురాదు. పగలు తోడుగా ఉండటానికి ఒకావిడను మాట్లాడారు. మొదటి రోజే మాస్టారు ఆవిడను ఎందుకొచ్చారని నిలదీశారు. డ్రైవరమ్మ సాయంత్రం షిఫ్టుకు మారింది. కుక్కతిండి సంచి తాళం వేసిన గదిలోకి మారింది. హాలుకూ వంటింటికీ మధ్య నడుమెత్తు చెక్క తలుపు బిగించాడు మెకానిక్కు.

బొగ్గు విషయంలో డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టమంది. గిన్నె మానేసి అరచేతిలో పెట్టి తినిపించమంది. డ్రైవరమ్మ నేల మీద కూర్చుని ఒక్కో గింజా పెట్టేది. మొదట్లో అది గింజ లాక్కుని మూలకు పరిగెత్తేది. కొన్నాళ్ళకు పక్కనే నిలబడి తినడం నేర్చుకుంది. మంచం కింద దాచుకోవడం తగ్గింది. పాప దగ్గర ఎప్పటిలా పొర్లడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది, అప్పుడు కూడా ఇద్దరినీ వదిలేసి పక్క గదిలోకి వెళ్ళడానికి డ్రైవరమ్మకు ధైర్యం చాలేది కాదు.

మాస్టారి దగ్గరికి మాత్రం అది వెళ్ళలేదు. ఆయన చెక్క తలుపు ఇవతల కుర్చీ వేసుకుని పిలిచేవారు, ఒకసారి దాని పేరుతో, ఒకసారి పులి అని. అది దూరంగా పడుకుని ఆయన చేతుల్నే చూసేది. దీన్ని ఎవరు భయపెట్టారమ్మా అని ఆయన కోడల్ని అడిగేవారు. ఎవరూ లేదు మామయ్యా, దానికి కొంచెం బెరుకెక్కువ అనేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం మెకానిక్కు పనిలోంచి తొందరగా వచ్చాడు. డాబా మీద తనన్న మాట గురించి అతను ఇంతవరకూ ఏమీ అనలేదు, ఆవిడా అడగలేదు. పెరట్లో ఆవిడ బొగ్గుకు గోళ్ళు కత్తిరిస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, దాని వెనక కాలు కదలకుండా పట్టుకున్నాడు. వీపు మీద వెంట్రుకలు పక్కకు తీసి చూశాడు. ఒకచోట చర్మం గీతలా గట్టిపడి ఉంది.

"కొట్టేవాడా?" అని అడిగాడు.

"కొట్టేవారు."

"గట్టిగానా?"

ఆవిడ కత్తెర ఆపి అతని వైపు చూసింది. అబద్ధం చెప్పాలనిపించింది.

"గట్టిగానే," అంది.

అతను తలూపాడు. బొగ్గు కాలు వదలకుండా, అది గుంజుకోకుండా, మిగిలిన గోళ్ళన్నీ అయ్యేదాకా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి చేతులు కడుక్కుని, నాన్నకు స్నానం వేళైందంటూ లోపలికి వెళ్ళాడు. కాసేపటికి బాత్రూములోంచి మాస్టారి గొంతు వినబడింది, నువ్వెవరబ్బాయివి, ఏ క్లాసు అని అడుగుతున్నారు. కొడుకు ఏదో క్లాసు చెప్పాడు.