కాకి ముట్టిన ముద్ద

గోపీకృష్ణ గెలిచింది ముక్కల వల్ల కాదు, మొహం వల్ల. మకావులో, మనీలాలో పన్నెండేళ్ళలో తొమ్మిది పోకర్ టోర్నమెంట్లు కొట్టాడు. చేతిలో ఆసులున్నా చెత్తున్నా ఆ మొహం ఒక్కలాగే ఉండేది, ఎదుటివాళ్ళకే చెమటలు పట్టేవి. రంగూన్ తెలుగువాళ్ళు పెళ్ళిళ్ళలో అతన్ని చూపించి మురిసిపోయేవారు. తల్లి వెంకమ్మ మాత్రం మూతి తిప్పుకునేది.

"అబద్దమాడి తినే కూడు అరగదురా," అనేది. ఆవిడ జన్మలో అబద్ధమాడి ఎరగదు.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది విమానాలు ఆగిపోయాయి, ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఛాంపియన్ గారు రంగూన్ శివారు తాకేటాలోని ఇంట్లో అమ్మ వండిన అంబలి తాగుతూ కూర్చున్నారు. చెల్లెలు మల్లిక నర్సు. ఊరేగింపుల్లో తూటాలు తగిలిన పిల్లలకి కట్లు కట్టినందుకు ఆమె పేరు సైన్యం వెతికేవాళ్ళ జాబితాకెక్కింది.

ఒకసారి రోడ్లు మూసేయడంతో గోపీ రెండు రోజులు ఊళ్ళోనే తామ్వే పేటలో స్నేహితుడింట్లో చిక్కుకుపోయాడు. మూడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి గడపలోనే ఆగిపోయాడు. గోడమీద మల్లిక ఫొటోకి దండ వేసి ఉంది. కింద దీపం వెలుగుతోంది. ఇద్దరు సైనికులు నిలబడి ఉన్నారు. పక్కనే వార్డు ఆఫీసుకి మనుషుల్ని పట్టిచ్చే కూర్మనాథం.

"సెల్లి సచ్చిపోనాది నాయనా," అంది వెంకమ్మ. "శవాన్ని కూడా ఇవ్వకండా ఆల్లే కాల్చీసినారట."

గోపీ నేలమీద పడి దొర్లి దొర్లి ఏడ్చాడు. రాయిలాంటి గోపీ అలా ఏడవడం చూసి కూర్మనాథం తలదించుకున్నాడు. సైనికులు ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

వెంకమ్మ తలుపు గడియ వేసింది.

"లెగు. అది బతికే ఉంది. మొన్న తెల్లారి సరిహద్దుకి పంపించీసినాను."

గోపీ లేచి కూర్చున్నాడు. బతికున్న కూతురి ఫొటోకి కన్నతల్లి దండ వేసిందా? చివరికి అడిగాడు. "నాకు ముందే సెప్పొచ్చు కదే!"

"సెప్తే అంత ఏడుపు ఏడుద్దువేటి? నీ మొకం పేకాటలో రాయిరా. సెల్లి కాడ కాదు."

తొమ్మిది టోర్నమెంట్లవాడు అమ్మ ముందు ఒక్క ఆటకే ఓడిపోయాడు. అబద్ధం ఒకటి మొదలెడితే చివరిదాకా మోయాలి కదా. పది రోజులూ మైల పట్టారు. సరిహద్దు నుంచి కబురు లేదు, వచ్చే దారీ లేదు.

పదో రోజు పొద్దున్నే పజుండౌంగ్ కాలువ గట్టున గోపీ గుండు చేయించుకుని, అరటాకులో పిండం పెట్టాడు. సాయానికని కూర్మనాథమూ వచ్చాడు. అతనూ తెలుగువాడే. చచ్చినవాళ్ళ ముద్దే కాకి ముడుతుందని అతనికీ తెలుసు, వీళ్ళకీ తెలుసు. కాకి రాకూడదని తల్లీ కొడుకులు లోలోపల దణ్ణాలు పెట్టుకుంటున్నారు.

వాళ్ళింకా వెనక్కి జరగనేలేదు, కాకి వచ్చి వాలింది. సూటిగా ముద్దవైపు గెంతింది.

 సైనికుల ముందు రెప్పకూడా కొట్టని వెంకమ్మ, కాకిని తోలడానికి చెయ్యెత్తేసింది. చావింట్లో కాకిని బతిమాలి పిలుస్తారు గానీ తోలేవాళ్ళుంటారా? కూర్మనాథం చూపు ఆ చేతిమీద పడింది.

గోపీ ఆ చేతిని పట్టుకున్నాడు. ఓదారుస్తున్నట్టు గుండెకి ఆనించుకున్నాడు. మొహం మాత్రం మకావులోలాగే ఉంది.

"రా మల్లీ," అని పిలిచాడు కాకిని. "తినమ్మా. నీకిష్టమైందే పెట్టినాను."

కాకి తింది. మెతుకు మిగల్చలేదు.

"అదృష్టవంతురాలు, సుకంగా ఎల్లిపోనాది," అని కూర్మనాథం కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే వెంకమ్మ గడియ వేసి, కొడుకు చెంప పగిలేలా కొట్టింది.

"పిలిచీసినావా? నా బతికున్న పిల్లని పేరెట్టి పిలిచీసినావా?"

"రంగూన్ కాకులే అమ్మా," అన్నాడు గోపీ. "ఏటి పెట్టినా తినీస్తాయి."

మాట గట్టిగానే వచ్చింది. మొహమే నిలవలేదు. వెంకమ్మ దాన్ని చూస్తూ చూస్తూ గోడకి చేరబడింది, అప్పుడు మొదటిసారి నిజంగా ఏడ్చింది.