దడి లోపలి కొర్రమట్ట

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఎక్కడైనా ఒత్తు తప్పితే, దీర్ఘం మరిచిపోతే సర్దుకుని చదవండి. ఒక పేజీ నింపడానికి నాకు రెండు రోజులు పడుతుంది. అందుకని ఈ కథ కూడా నాలాగే మెల్లగా నడుస్తుంది. ఇది మా చిన్నమ్మ కూతురు చిలుకమ్మ సంగతి. నా దగ్గర కూర్చుని ఆమె చెప్పింది, నేను రాశాను.

తెల్లవారితే చిలుకమ్మకు ఒకటే పని. థర్మకోల్ తెప్ప ఎక్కి, తట్టు కర్రతో తోసుకుంటూ తుంగచెరువు పడమటి మూలకు పోవాలి. అక్కడ వెదురు బొంగులు పాతి చుట్టూ వల కట్టిన దడి ఉంది. దడి బయట నీళ్లు మురికిగా, అడుగంతా వట్టి బురద. దడి లోపల మాత్రం నీళ్ల కింద నాచు అడవిలా పెరిగింది. ఆమె దడి మీంచి వంగి, తెల్ల రంగు పూసిన పాత స్టీలు పళ్లేన్ని తాడు కట్టి నీళ్లలోకి దించేది. తాడుకు జానెడుకొక ముడి. పళ్లెం ఎన్ని ముడుల దాకా కనబడితే నీళ్లు అంత తేట అన్నమాట. తర్వాత కాసేపు కదలకుండా కూర్చుని ఏ చేప ఎన్ని కనబడ్డాయో చూసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెప్పేది.

"బిడ్డా, ఇయ్యాల అయిదు ముడులు. జెల్లలు పది దాక ఉన్నయ్. పరకలు లెక్క పెట్ట రాలేదు, శానున్నయ్."

ఆ మాటలు వరంగల్‌లో చదువుకునే స్రవంతికి చేరేవి. చెరువుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. నాచు తినే చేపలు లోపలికి రాకుండా మూడేళ్ల కింద ఈ దడి కట్టించింది ఆమే. వేరే కుంట నుంచి నాచు తెచ్చి, రాళ్లకు సుతిలితో కట్టి, ఒక్కొక్కటే అడుగున పెట్టించింది. ఒకసారి ఫోన్లో వీడియో కూడా చూపించింది.

"సముద్రంల గూడ గిట్లాంటి అడవులుంటయ్ పెద్దమ్మా. తాడిచెట్టంత ఎత్తు పెరుగుతయ్. కెల్ప్ అంటరు. అవి ఖరాబైన కాడ మునిగి మళ్ల నాటుతాండ్లు. ఏ జీవి తిరిగొచ్చింది, ఏది రాలేదని రోజూ చూస్కుంటాండ్లు."

"ఆళ్లు మునుగుతరు. నా మోకాళ్లకు గది అయ్యే పని కాదు గని, నా పళ్లేన్ని ముంచుత," అంది చిలుకమ్మ.

స్రవంతి నవ్వింది. చిలుకమ్మ నవ్వలేదు. ఆ నాచు పోవడానికి కారణం ఎవరో ఆమెకు తెలుసు.

ఎనిమిదేళ్ల కింద తుంగచెరువు నిండా నాచే. వలలు వేస్తే చేపల కన్నా నాచే ఎక్కువ వచ్చేది. మగవాళ్లు వలలు లాగి కట్ట మీద పడేసి పోతే, ఆడవాళ్లు పొద్దు వాలేదాకా కూర్చుని ఆ నాచు ఏరాలి. చేతులు నాని, వేళ్ల సందులు పాసిపోయేవి. అప్పుడు చిలుకమ్మ భర్త మొండయ్య చేపల సంఘానికి అధ్యక్షుడు. నాచును తినే గడ్డిచేప పిల్లలు ఎక్కడో దొరుకుతాయని ఆమెకు బజార్లో ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె భర్తను నిలవనీయలేదు. ఆయన ముందు ఒప్పుకోలేదు. నాచు పోతే కొర్రమట్టలు ఏడ గూడు పెడతయే అన్నాడు. ఆమె తన చేతులు ఆయన ముందు చాపింది. వారం తిరగకుండా గడ్డిచేపలు వచ్చాయి.

మూడేళ్లలో అవి చెరువును గీకినట్టు తినేశాయి. నాచు పోయింది. నీళ్లు తేరుకోవడం మానేశాయి. ఇక కొర్రమట్ట అన్నది కంటికి కనబడలేదు. కొన్ని దిక్కుల కొరమీను అంటారు, నాచు సందున గుండ్రంగా జాగా చేసుకుని గుడ్లు పెట్టే చేప అది. మొండయ్య చెరువును పాడు చేసిండని ఊరంతా అన్నది. ఆయన ఒక్కరోజు కూడా భార్య పేరు ఎత్తలేదు. ఆ మాట మోసుకుంటూనే జ్వరమొచ్చి పోయాడు. ఆమె కూడా నోరు తెరవలేదు. ఇన్నేళ్లూ తెరవలేదు.

ఈ ఏడు మృగశిర కార్తెకు ముందే నాలుగు మంచి వానలు పడ్డాయి. కార్తె ఇంకా నాలుగు రోజులుందనగా, దడి లోపల నాచు మధ్య నీళ్లు ఎర్రగా కదలడం చిలుకమ్మ చూసింది. మొదట కుంకుమ పడిందేమో అనుకుంది. చీపురు పుల్ల ముక్కలంతటి ఎర్రని పిల్లలు, వందల కొద్దీ, ఒకే ముద్దగా తిరుగుతున్నాయి. వాటి కింద నల్లగా రెండు నీడలు. ఒకదాని తోక మీద తెల్లటి మచ్చ ఉంది.

ఆమె తెప్ప మీద అలాగే కూర్చుండిపోయింది. ఫోన్ తీసి, మళ్లీ చీర చెంగులో కట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. మృగశిర నాడు మన దిక్కు చేప తినని ఇల్లుండదు. ఆ రోజు కొర్రమట్ట దొరికితే జనం కొట్టుకుంటారు. ఇవి ఉన్నాయని తెలిస్తే వలలు దడి లోపలికే వస్తాయి.

మర్నాడు మరిది సారయ్య కట్ట మీద ఎదురయ్యాడు. ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు అతనే.

"వదినె, ఒక మాట. దడికి మూడేండ్ల గడువు అనుకున్నం గదా. అయిపాయె. ఒక్క కొర్రమట్ట రాకపాయె. గా జాగ గూడ మాకు కావాలె అని అందరు నన్ను తింటాండ్లు. మృగశిర నాడు బొంగులు పీకి పెద్దవల తిప్పుతం."

"జర ఆగరాదు సారయ్య."

"ఎన్నొద్దులాగాలె? మా అన్న చేసిన పనికి నన్ను ఇప్పటికీ ఎత్తిపొడుస్తాండ్లు. మీ అన్న గడ్డిచేపలు పెంచిండు, నువ్వు గడ్డి పెంచుతానవా అంటాండ్లు."

చిలుకమ్మ ఇంటి దారి పట్టింది. చెప్తే చేపలు పోతాయి. చెప్పకపోతే దడే పోతుంది, దాంతోపాటు అవీ పోతాయి. ఆ పూట అన్నం ముందు పెట్టుకుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసింది. తెల్లవారి సారయ్య ఇంటికి పోయి, పళ్లు తోముకుంటున్నవాణ్ని అలాగే వెంట రమ్మంది.

దడి దగ్గర తెప్ప ఆపి వేలు చూపింది. సారయ్య చాలాసేపు చూశాడు. అతని నోట్లోంచి వేపపుల్ల నీళ్లలో పడింది, తీసుకోలేదు.

"మా అన్న ఉంటే బాగుండు," అన్నాడు చివరికి.

"ఎవ్వలికి చెప్పకు. దడి ఉంచుమని మాత్రం చెప్పు."

"నువ్వు ఫికర్ చెయ్యకు వదినె. దడి ఉంటది. నాది జిమ్మ."

మృగశిర నాడు పొద్దున్నే ఆమెకు ఒళ్లు నొప్పులుగా ఉండి చెరువుకు ఆలస్యమైంది. తాడు, పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి సారయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ల బకెట్టు. వెనక ఊళ్లోవాళ్లు పదిమంది. అందరి ముఖాలు పండగలా ఉన్నాయి.

సంఘంలో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. మృగశిరకు చెరువులో పడ్డ మొదటి చేప సంఘం పెద్ద ఇంటికి పోవాలి. కొర్రమట్టలు పోయాక ఆ పద్ధతీ మూలకు పడింది. ఇప్పుడు పెద్ద సారయ్యే అయినా, చేపను అన్న ఇంటికే తెచ్చాడు.

"అయిదేండ్లాయె వదినె, ఈ ఇంటికి మొదటి చేప రాక," అన్నాడు సారయ్య. "వాడవాడ తిప్పుకొచ్చిన. మా అన్నను తిట్టినోళ్ల ఇంటి ముంగట ఆగి మరీ చూపెట్టిన. మొండయ్య చెరువుల కొర్రమట్ట మళ్ల పుట్టిందని చెప్పిన. ఇగ దడి ఎవ్వడు పీకుతడో చూస్త."

చిలుకమ్మ బకెట్టులోకి చూసింది. చేప సుడి తిరిగి నోరు పైకెత్తింది. పెదవి చీలి ఉంది. తోక మీద తెల్ల మచ్చ.

"గాలమేసినవా?"

"ఒక్కటే వదినె. రెండున్నయ్ గదా, ఒకటి ఉంచిన. వల వెయ్యలే, నాచు కదపలే."

పిల్లల మీదున్న కొర్రమట్ట ఆకలి లేకపోయినా గాలాన్ని కరుస్తుంది. ఏదో పిల్లల దగ్గరికి వచ్చిందని కరుస్తుంది. అది సారయ్యకూ తెలుసు, చూస్తున్నవాళ్లకూ తెలుసు. అయినా అతను తెచ్చింది గౌరవంగానే. అందుకే ఆమెకు తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

ఆమె బకెట్టు అందుకుంది. వంటింటి వైపు పోతుందనుకున్నారు. ఆమె చెరువు దారి పట్టింది.

"వదినె, అందరి ముంగట నా ఇజ్జతు తీస్తానవా? అన్న పేరు మీద తెచ్చిన."

చిలుకమ్మ ఆగింది. బకెట్టు కింద పెట్టలేదు.

"మీ అన్న పేరు మీద నేను తినలేను సారయ్య. గడ్డిచేపలు తెప్పిచ్చింది మీ అన్న కాదు. నేను. వద్దన్నడు. కొర్రమట్టలు పోతయ్ అన్నడు. చేతులు నొస్తానయని నేనే ఇనలే. నా పేరు చెప్పకుంట సచ్చిపాయె."

బకెట్టులో చేప ఒకసారి తోక కొట్టింది.

"అయిదేండ్లు," అన్నాడు సారయ్య మెల్లగా. "అయిదేండ్లు మా అన్నను అందరితోని తిట్టిపిచ్చినవు. నన్ను తిట్టిపిచ్చినవు. పక్కన్నే కూసోని ఇన్నవు గదా వదినె."

"ఇన్న."

సారయ్య వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు.

చిలుకమ్మ ఒక్కతే తెప్ప మీద పోయి చేపను దడి లోపల వదిలింది. అది కాసేపు పక్కకు ఒరిగి తేలి, తర్వాత నాచు కిందికి జారింది. ఎర్రని పిల్లల గుంపు రెండుగా చీలి ఉంది. దడి బొంగుల మీద నీటికాకులు నాలుగు కూర్చుని ఉన్నాయి. పొద్దు వాలేదాకా కర్రతో నీళ్లు కొడుతూ వాటిని ఆమె తోలింది. చేతులు పాతరోజుల్లోలాగే నాని ముడతలు పడ్డాయి.

ఆ రోజు పెద్దవల పడమటి మూలకు రాలేదు. సారయ్యే రానియ్యలేదని ఆమెకు తర్వాత తెలిసింది.

మర్నాడు ఆమె పోయేసరికి, వంగిపోయిన రెండు బొంగులు నిటారుగా నిలబడి ఉన్నాయి. కొత్త సుతిలితో ముడులు వేసి ఉన్నాయి. కట్ట మీద అవతల సారయ్య నడిచిపోతూ కనబడ్డాడు. ఆమె పిలవలేదు, అతను తిరిగి చూడలేదు. ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె పళ్లెం దించింది. చాలాసేపు కూర్చుంది. తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"బిడ్డా, అయిదు ముడులు. ఎర్రపిల్లలు సగం ఉన్నయేమో. కింద పెద్దది ఒక్కటే కనబడ్డది. దానికి మచ్చ లేదు. రెండోది బతికిందో లేదో నాకు తెల్వదు. రేపు మళ్ల చూసి చెప్త."

రాసింది పూలమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది వరంగల్ మట్టెవాడలో.