నీళ్ళు తాగే రాయి

పొయ్యి రాజేసి ఎసరు పెట్టాక ఏ ఆడదైనా పీటేసుకుని కాస్త కూలబడుతుంది. సరోజకు ఆ యోగం లేదు. పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఊదాలి, తిరుగుతూనే కలపాలి. ఎక్కడైనా కుదురుగా కూర్చుందా, నెత్తిమీదుండే చాటంత మబ్బు చినుకులు రాలుస్తుంది. నడుస్తున్నంతసేపూ మాత్రం బుద్ధిగా వెంట వస్తుంది, చుక్క కారదు. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు తడిసిపోతే అత్త రమణమ్మ, "పోన్లే, మా ఇంటికి నీళ్ళ కరువుండదు" అని సరిపెట్టుకుంది. బస్సు కండక్టరైనా అంతే. "కిటికీ పక్కన కూర్చోమ్మా, మబ్బు బయట పెట్టుకో" అంటాడు తప్ప దానికి టిక్కెట్టు అడగడు.

మామిడితోటల వాళ్ళకు మాత్రం మబ్బంటే గుండెల్లో రాయి పడుతుంది. పూత మీద తడి నిలిచిందంటే మాడి రాలిపోతుంది, ఏడాది పంట గోవిందా. అందుకే సరోజ మొగుడు రత్నబాబు ఏ తోటకు కాపలా కుదిరినా, కొమ్మల చివర మొగ్గ కనపడగానే మూటాముల్లే సర్దాల్సిందే. ఉంగుటూరు వైపు పొలాల్లో కూలికి పోవడం, పిందె పట్టాక మళ్ళీ ఇంకో తోట వెతుక్కోవడం. ముసునూరు చుట్టూ వాళ్ళు కాపురం పెట్టి ఎత్తెయ్యని తోట లేదు.

ఆ ఏడు తోటను గుత్తకు తీసుకున్న నారాయణరావు మంచివాడే. లూనా ఆపి, పైన మబ్బును చూసి నిట్టూర్చాడు.

"నిన్నేమీ అననమ్మాయ్. దాని పని అది చేస్తోంది. కానీ పూత విచ్చే రోజులు. ఎవరి గుత్త వాళ్ళది కదా."

"అట్టాగేనండి," అంది సరోజ నడుస్తూనే.

పైకి అట్టా అంది గానీ లోపల కుతకుతా ఉడికిపోయింది. సొంతంగా ఒక పాక, అందులో ఒక మూల, ఆ మూల నుంచి లెమ్మనేవాడు లేకపోవడం. ఇంతకంటే ఆవిడ దేవుణ్ణి ఏమడిగింది కనక? అదీ ఇవ్వడానికి ఆయనకు చేతులు రావడం లేదు.

రత్నబాబుకేమో రాళ్ళ పిచ్చి. తోటలో ఉండాల్సిన మనిషి వాగు గట్టంట తిరుగుతూ మెరిసిందల్లా జేబులో వేస్తాడు. చొక్కాలకు జేబులు కుట్టలేక సరోజ చేతులు పడిపోయేవి. ఆ వారం మాత్రం కోడిగుడ్డంత రాయొకటి పట్టుకుని రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మూల పెచ్చు ఊడిన చోట, తడి మీద, ఎరుపూ పచ్చా నీలం కదులుతున్నాయి.

"ఓపల్, రంగుల రత్నమే ఇది! నూజివీడులో రాళ్ళషాపు భాస్కరరావుగారు చూపించింది అచ్చం ఇట్టాంటిదే. ఇక మనకి స్థలం వచ్చినట్టే!"

సరోజకు కాళ్ళు నిలవలేదు. ఆవిడ కాళ్ళు ఎప్పుడు నిలిచాయి గనక, ఆ పూట మరీనూ.

రమణమ్మ రాయిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసింది. "తొందరపడకురా. ఇంకా తయారవలేదు. ఒక పక్కే రంగు తిరిగింది. గడ్డిలో వెయ్యి" అంది.

కాయలు మాగబెట్టీ మాగబెట్టీ తల నెరిసిన మనిషి, ఆవిడ మాట కాదనేదెవరు? రాయిని కొత్త వరిగడ్డిలో పెట్టి, గోనె కప్పి, పైన సన్నికల్లు ఎత్తారు. సరోజ ఆ గడ్డి చుట్టూ తిరిగిన తిరుగుడుకు నేల నున్నబడింది. తీసి చూద్దామంటే, "మాటిమాటికీ తీస్తే మాగదే పిల్లా" అని అత్త కసిరేది.

నారాయణరావు "ఇక రేపు కదలండమ్మా" అని చెప్పిన రోజున గడ్డి తీశారు. రంగుల్లేవు. గోడకు గీసే సుద్దముక్కలా ఉంది.

"ఇదేంటే అమ్మా!"

"ఓ రోజు ఎక్కువ మాగిందేమోరా," నసిగింది రమణమ్మ.

ఏడ్చే టైము లేదు. మొగుడూ పెళ్ళాలు తెల్లారి మొదటి బస్సుకే నూజివీడు వెళ్ళారు.

భాస్కరరావు కంటికి భూతద్దం బిగించాడు. రాయిని గోటితో గీసి, దీపం కింద తిప్పి, నాలిక్కి ఆనించాడు. అది నాలిక్కి అంటుకుపోయింది. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

"ఓపలేనయ్యా. నీళ్ళు తాగే రకం. తడి ఉంటేనే రంగు. దీన్ని ఏ నిప్పుల్లో పెట్టావు?"

"గడ్డిలోనండి... మాగబెట్టాం."

మాగబెట్టడమంటే ఆయనకు కొత్త కాదు. నూజివీడులో పుట్టి పెరిగినవాడు, నవ్వలేకపోయాడు. "ఇప్పుడు గ్లాసులో ముంచితే ఠక్కున పగులుతుంది. చుక్కచుక్కగా, ఓపిగ్గా తాగించాలి. నాకెక్కడిదయ్యా అంత ఓపిక? ఇవి చూడు." డ్రాయరు లాగాడు. వేసవి వేడికి కొన్ని రాళ్ళు బీటలిచ్చాయి, మిగతావి సుద్దల్లా పాలిపోయాయి. "కొన్నవన్నీ ఇట్టాగే చచ్చాయి. ఇట్టా ఉన్నదానికి నేను ధర కట్టలేను, తీసుకుపో."

షాపులో అటూ ఇటూ తిరుగుతున్న సరోజ రాయిని అందుకుంది. గుమ్మం దాకా నడిచింది. ఇంకో తోట, ఇంకో పాక, ఇంకో పొయ్యి. అంతే, మెట్టు మీద చతికిలబడింది. కురిస్తే కురవనీ, ఊరంతా తడవనీ, ఇక నా వల్ల కాదు అనుకుంది. చినుకులు మొదలయ్యాయి.

అరచేతిలో రాయి చప్పరిస్తున్నట్టు ఒక్కో చుక్కా పీల్చుకుంది. ముందు అంచు పలచబడింది. తర్వాత లోపలెక్కడో ఒక పచ్చ చుక్క, దాని వెనకే ఎరుపు. రత్నబాబు కేక పెట్టాడు.

"కదలకమ్మా!" భాస్కరరావు కుర్చీ తన్నుకుని వచ్చాడు. డ్రాయరు మొత్తం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. బీటలివ్వని రాళ్ళు కూడా ఒకటొకటిగా కళ్ళు విప్పసాగాయి. "ఈ రాయి నేను కొంటాను, బేరం మీ ఆయనతో ఆడతాను. నీతో వేరే మాట. రోజూ వచ్చి ఈ రాళ్ళ దగ్గర కూర్చో. జీతమిస్తాను. వెనకాల గది ఖాళీగానే ఉంది, అందులో కాపురముండండి."

సరోజ ఒళ్ళో డ్రాయరును దగ్గరికి లాక్కుంది. తలెత్తి అడిగింది. "పూతప్పుడు కూడా ఉండనిస్తారాండీ?"

"నా షాపులో పూతేముంటుందమ్మా?"

ఆవిడకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ముఖమంతా ఎలాగూ తడిసే ఉంది, ఎవరికీ తెలియలేదు. రత్నబాబు మాత్రం గడియారం చూసి కంగారుపడ్డాడు. "లేవే, బస్సెళ్ళిపోద్ది. తోటలో సామానుంది, అమ్మ ఎదురుచూస్తుంటది."

సరోజ కాళ్ళు బారజాపి, గోడకు వీపు ఆనించింది.

"నువ్వెళ్ళి తీసుకురా. నేను లెగవను."