దేవుని పురుడు

వసంతము వచ్చి మామిడికొమ్మలు పిందెల బరువునకు వంగి వేపపూలు రాలి వీధులన్నియుఁ జేఁదుతావితో నిండియుండఁగా చైత్రశుద్ధ నవమినాఁటి యెండ నాగావళీసైకతములపైఁ గాఁగి మిలమిలలాడుచుండెను. చండకిరణుండు నభోమధ్యమున కింకను మూఁడు గడియల దూరమున నుండఁగనే కోదండపురవాసులు సకుటుంబముగా రామాలయమునకుఁ జేరి పచ్చని తాటియాకుల పందిరిక్రింద నిసుక వేసిన రాలనంత యిఱుకుగాఁ గూరుచుండిరి. మిరియములును బెల్లమును గలిపిన పానకపుఁ గడవలు వరుసగా నుండెను. గంపలలో వడపప్పు నానియుండెను. గర్భాలయమునకుఁ దెర దిగియుండెను. ఆ తెర ముందఱ మల్లెమాలలు చుట్టిన కొయ్యయుయ్యెల యొకటి రాఁబోవు బిడ్డకై వేచియుండెను.

ఆ యూర నవమిపూజ కొక యాచారము గలదు. మిట్టమధ్యాహ్నమున నర్చకుఁడు తెరలోపలినుండి జేనెఁడు పొడవుగల శిశురామవిగ్రహమును వెలికిఁ దెచ్చి యూరి మంత్రసాని చేతులం దుంచును. ఆమె లోకమునందలి పసికందుల కెల్లఁ జేయునట్లే యా విగ్రహమును మెత్తని పాతచీర పేలికలోఁ జుట్టి "తల్లికి బిడ్డ పుట్టినాఁడు" అని ముమ్మాఱు చాటి యుయ్యెలలో నిడును. ఆమె నోట నా మాట వెలువడిన పిమ్మటనే శంఖము మ్రోయును. ముత్తైదువులు లాలిపాట లెత్తుకొందురు. మూఁడవజామున సీతారామకల్యాణమునకు మేళము కుదురును. దేవుఁడైనను బుట్టునపు డొకతె చేతులలోఁ బడవలసినదే యని యా యాచారము పెట్టిన పెద్ద లెవ్వరో కాని వారికిఁ జేతులెత్తి మ్రొక్కవలెను.

ఇరువదియేడేండ్లుగా నా పని సన్యాసమ్మది. వయస్సు అఱువది దాఁటినది. వెన్ను కొంచెము వంగినది. చేతులుమాత్ర మింకను జెక్కు చెదరలేదు. ఆ యూరి పడుచువారిలో సగముమంది పుట్టఁగనే తొలుతఁ జూచినది యామె మొగమే. విగ్రహమును బేలికలోఁ జుట్టునపు డామె పెదవులు కదలుటను గని లాలిపాట వల్లించుకొనుచున్నదని జనులు తలంచుచుందురు. అది పాట గాదు. గడచిన యేఁట తన చేతులలోఁ జల్లఁబడిపోయిన బిడ్డల నామె యప్పుడు దేవున కప్పగించును. పేరు పెట్టకమునుపే పోయినవారు గావున "పోలమ్మ బిడ్డఁడు రామయ్యా, వీనిఁ జూచుకొమ్ము" అని తల్లుల పేళ్లే చెప్పును. పుట్టువే లేనివాఁడు కోరి పుట్టివచ్చు టేల యని పండితులు గ్రంథములు తిరుగవేయుదురు గాని సన్యాసమ్మ కా సందేహ మెన్నఁడును గలుగలేదు. బ్రదుకక పోయిన పసివా రే త్రోవను బోయిరో యా త్రోవనే వారిని వెదకికొనుచు వచ్చుటకే యాయన పుట్టెనని యామె నమ్మకము. ఆ యేఁ డప్పగింపవలసిన బిడ్డ లిద్దఱుండిరి. ఆ సంగతి వారి తల్లులకుఁ దెలియును. ఇరువురును ముందువరుసలోఁ గూరుచుండి పొద్దుటినుండియు గుమ్మమువైపే చూచుచుండిరి.

సన్యాసమ్మకుఁ దడసినది. కుమ్మరివీధిలో నొక తొలిచూలు కోడలు తెల్లవాఱుజామునుండి నొప్పులు పడుచుండెను. బిడ్డ యెదురుకాళ్లతో వచ్చెను. ఆ యింటివారు కాళ్లు చేతులు ఆడక యేడ్పులు మొదలుపెట్టిరి. అట్టి తల్లిని విడిచి యుత్సవమునకుఁ బోవుట సన్యాసమ్మ యెఱుఁగదు. ఏడ్చువారిని వెలుపలికిఁ దఱిమి ప్రొద్దు రెండు జాములగుటకు మునుపే బిడ్డను సుఖముగా వెలికిఁ దీసి తల్లి ప్రక్కను జేర్చినది. ఆపై నాగావళిలోఁ దల మునుఁగ స్నానమాడి యుతికిన చీర కట్టి తడి యాఱని తలతో నుఱుకులు పరుగులమీఁద నాలయద్వారమునకు వచ్చెను.

ద్వారమున ధర్మకర్త సూర్యప్రసాదరావు నిలిచియుండెను. ఆయన కా పదవి వచ్చి యాఱునెల లైనది. ఆయన రప్పించిన పౌరాణికుఁడు విశ్వపతిశాస్త్రి యెనిమిది దినములుగా శ్రీరామావతారఘట్టమును సాగఁదీసి సాగఁదీసి చెప్పుచు భగవంతుఁడు గర్భవాసమాలిన్యము సోఁకక దివ్యతేజఃపుంజమై కౌసల్యాదేవి యెదుట నావిర్భవించెనని నిన్ననే సిద్ధాంతము చేసియుండెను. ఆ మాట రావుగారి తల కెక్కినది. అంతటి పవిత్రుని జేతఁ బట్టుట కీ మంత్రసాని యెవతె యని యాయన యామెకై ద్వారముననే కాచియుండెను.

"అచ్చటనే నిలువుము" అని యాయన చేయి యడ్డము పెట్టెను. "ఎచ్చటనుండి వచ్చుచున్నావు?"

"కుమ్మరివీధినుండి బాబూ. మగబిడ్డఁడు. ఏటిలో స్నానము చేసియే వచ్చితిని."

"పురుటింటినుండి తిన్నగా గుడికా? ఆ మైలచేతులతో దేవుని ముట్టుదువా? నేఁటినుండి యీ మోటయాచారమును మానిపించితిని. శాస్త్రిగారే విగ్రహము నుయ్యెల నుంతురు. నీవు పందిరి వెలుపల నిలిచి చూచి పానకము త్రాగి పొమ్ము."

 సన్యాసమ్మ కొడలంతయు మంట యెత్తినట్లయ్యెను. అది యామె మంట మాత్రమే కాదు. విన్నవారి కెవ్వరికైనను గడుపు మండవలసిన మాటయే. ఏ చేతులు క్షణము క్రిందటఁ జావుబ్రదుకుల నడుమఁ జిక్కిన రెండు ప్రాణములను నిలువఁబెట్టినవో యా చేతులకు మైల యఁట. ఇన్ని మాటలన్న రావుగా రాకసమునుండి యూడిపడినవాఁడు గాఁడు. నలువది యేండ్ల క్రిందట సన్యాసమ్మ తల్లి చేతులలోనే యాయన కళ్లు తెఱచెను. కళ్లు తెఱచిన దైతే నిజము గాని యా కళ్లకుఁ జూపు వచ్చిన జాడ మాత్ర మింతవఱకును గానరాలేదు.

ఇంక రావుగారి ప్రక్కనే నిలిచిన శాస్త్రిగారి సంగతి. స్నానముతోడనే మంత్రసానికి శుద్ధి యని యాయనకుఁ దెలియదా? తెలియును. ఆ శ్లోకము నాలుక చివరనే యుండెను. కాని మూఁడవజామునఁ గల్యాణవేదికపైఁ దనకుఁ గప్పఁబోవు పట్టుశాలువ కన్నులకుఁ గట్టుటచేత నాయన నీళ్లు నమలి యుత్తరీయము సవరించుకొనెను. తెలియనివాఁడు వాగినఁ దిట్టి యూరకుండవచ్చును. తెలిసినవాఁడు నోరు మూసికొనుటను జూచిన నేమి చేయుటకును దోఁపదు.

 సన్యాసమ్మ ముందుగా శాస్త్రివైపే తిరిగెను.

"శాస్త్రిబాబూ, రాముఁడు తల్లికి నొప్పి తెలియకయే పుట్టినాఁడని నిన్న మీరు చెప్పినారఁట. ఆ తల్లి నొప్పులు పడలేదని చూచినవా రెవరు? మీరా గదిలో లేరు. నేనును లేను. నాబోఁటిది యొకతె తప్పక యుండియుండును. ఆమె నడిగి వ్రాసిన దేదైన మీ పుస్తకములలో నున్నదా?"

 సన్యాసమ్మ ధర్మకర్తవైపు తిరిగెను.

"ఇది మైలత్రోవ యైనచో నాయన యింకొక త్రోవను రాలేకనా బాబూ? ఒకమాఱు కంబము చీల్చుకొని వచ్చినాఁడు కదా. ఈమాఱు తెలిసి తెలిసి తల్లికడుపునే కోరుకొన్నాఁడు. ఆయన కసహ్యము లేనిచోట మీకేల? ఈ పని రేపటినుండి యెవ్వరి కిచ్చుకొన్నను ఇచ్చుకొనుఁడు. నేఁడు మాత్ర మిద్దఱు బిడ్డల నాయన కప్పగింపవలసి యున్నది. ఏఁడాదినుండి వారిని మోయుచున్నాను. అంతవఱకైన నన్ను లోనికిఁ బోనిండు."

ముందువరుసలో నొక తల్లి కొంగు నోటఁ గ్రుక్కుకొనెను. రెండవయామె లేచి నిలువఁబడెను. రావుగారు వారివంకఁ జూడనే లేదు. "పురుడు పురుడే. స్నానముచేసిననేమి, సముద్రములో మునిఁగిననేమి, అది పోదు" అని యడ్డముపెట్టిన చేయి యడ్డముగనే యుంచెను.

అంతలోఁ దెర తొలఁగించుకొని యర్చకుఁడు కూర్మాచార్యులు వెలికి వచ్చెను. డెబ్బదియేండ్ల యా వృద్ధుఁ డొకరి జోలికిఁ బోయి యెఱుఁగఁడు. ఎందఱు ధర్మకర్తలు మాఱినను అందఱికిని దల యూఁచి తన గంట తాను వాయించుకొన్నవాఁడు. ఆనాఁ డాయన మొగము జేవురించియుండెను. 

"అయ్యా, తమ తీర్పు వింటిని. పుట్టుకను ముట్టిన మైల స్నానముతోఁ బోదని తాము సెలవిచ్చితిరి. మంచిది. ఇంకొక గడియలో నీ యింట బిడ్డ పుట్టఁబోవుచున్నాఁడు. ఈ యింటికి గృహస్థులు తాము. ఆ బిడ్డను జేతఁ బట్టువాఁడను నేను. కావునఁ దమకును నాకును బదిదినములు పురుడు. పురుటింట నైవేద్యము లేదు. దీపారాధనము లేదు. పెండ్లి యసలే లేదు. పదునొకండవనాఁడు పుణ్యాహవాచనము చేసి తలుపులు తీయుదును."

ఇట్లని యాయన నిజముగనే గర్భాలయపుఁ దలుపులు చేరవైచి తాళము బిగించి తాళపుచెవి బొడ్డున దోఁపుకొనెను.

 రావుగారికి ముచ్చెమటలు పోసెను. తలఁబ్రాలు కలిపియుండెను. ఇరువదియూళ్లకుఁ బిలుపులు వెళ్లియుండెను. సన్నాయివాండ్రు వచ్చి చావడిలో గొంతు సవరించుకొనుచుండిరి.

"వేళాకోళమా ఆచార్యులుగారూ?"

"నలువదియేండ్లుగా నీ గుడిలో నేను వేళాకోళ మాడలేదు. పుట్టుక మైల యైన నందఱికిని మైలయే. కాదేని సన్యాసమ్మకును గాదు. రెంటిలో నేది కావలయునో తమ నోటనే చెప్పుఁడు. సంశయమున్న శాస్త్రిగా రెదుటనే యున్నారు."

రావుగారు శాస్త్రివంకఁ జూచెను. శాస్త్రి పైకప్పువంకఁ జూచెను. పిమ్మట గొణుగుచున్నట్లుగా "ఆచార్యులవారు చెప్పినది యుక్తిదూరము గాదు" అనెను. ఆ యొక్క మాట యరగడియ మునుపు పలికియున్న నాయనకుఁ బోయిన దేమియును లేకుండెను.

రావుగారు ప్రజలవైపు తిరిగెను. ఆ జనములోఁ బురిటినొప్పు లెఱుఁగని యిల్లాం డ్రెందఱుందురు?  వారు పానకపుఁ గడవలను ముట్టలేదు. ఊరక కూరుచుండి యాయన మొగమునే చూచుచుండిరి. ఆయన యిటు నటు చూచుచుండఁగనే ప్రొద్దు నడినెత్తికి వచ్చినది. వచ్చి యావలికి జరిగినది. శంఖము పట్టుకొన్న భాగవతుఁడు దానిని నోటికడ కెత్తి యేమియుఁ దోఁపక మరల దింపెను.

కడపట ధర్మకర్త చేయి జాఱినది. "సరే. సన్యాసమ్మా, లోనికి రమ్ము" అనెను.

సన్యాసమ్మ కదలలేదు.

"ఎట్లు రావలెను బాబూ? మైల యుండియు రమ్మనుచున్నారా, మైల లేదు గావున రమ్మనుచున్నారా?"

ఆమె కేకవేయలేదు. తిట్టలేదు. అడిగి నిలిచినది, అంతియే. ఆ ప్రశ్నకు బదులు చెప్పకుండఁ దప్పించుకొను త్రోవ లేదని రావుగారికిఁ దెలిసినది. "మైల లేదు" అని నేలవైపు చూచుచు నాయన చెప్పెను. వెనుక వరుసలవారికి వినఁబడలేదని యెవ్వరో యన్నారు. ఆయన మరల నించుక బిగ్గరగాఁ జెప్పవలసి వచ్చెను.

కూర్మాచార్యులు తాళము తీసెను. శిశురాముని దెచ్చి యామె చేతులం దుంచెను. సన్యాసమ్మ పేలిక పఱచి మెడక్రిందఁ జేయి చేర్చి యేమాత్రము కుదుపులేక విగ్రహమును జుట్టెను. ఆమె పెదవులు కదలెను. రెండు పేళ్లు చెప్పుట కెంతసేపు కావలెను? ఆమెకుఁ జాలసేపు పట్టినది. కన్నీళ్లు విగ్రహముపైఁ బడుచుండఁగాఁ దుడుచుకొనక చెప్పవలసిన దంతయుఁ జెప్పుకొనెను. ఆ యిరువురు తల్లులును వచ్చి యుయ్యెలయొద్ద నిలిచిరి.

అప్పటికి శాస్త్రిగారికి స్వరము కూడుకొన్నది. పాండిత్య మిట్టి సమయములందే పైకి వచ్చును. "అభిజిన్ముహూర్తము దాఁటినది. లగ్నము తప్పినది. ఇప్పుడు జననము చాటిన శాస్త్రవిరుద్ధము" అనెను.

సన్యాసమ్మ బిడ్డను ఱొమ్మునకుఁ జేర్చుకొని యాయనవైపుఁ దిరిగెను.

"ఇన్నేండ్లలో లగ్నము చూచికొని పుట్టిన బిడ్డ నొక్కనిని నేను జూడలేదు శాస్త్రిబాబూ. అడ్డు తొలఁగినపుడు పుట్టుదురు."

ఆపై నామె గొంతెత్తి ముమ్మాఱు చాటెను. ఆ యేఁడు కోదండపురమున శ్రీరామచంద్రమూర్తి మధ్యాహ్నము దాఁటిన గడియన్నరకు జనించెను. ఆలస్య మేమని యడిగిన తల్లి యొక్కతెయును లేదు.