బెత్తెడు ఎత్తు

కోదండపాణి తొట్టిలోంచి డబ్బా నిండా నీళ్లు ముంచుకొని వాకిట్లోకి వచ్చాకగానీ జీపు లేదన్న సంగతి గుర్తు రాలేదు. రోజూ అది నిలబడే చోట నూనె కారిన నల్లటి మరక మాత్రం ఉంది. రేడియేటరులో పొయ్యాల్సిన నీళ్లు కనకాంబరం పాదులో పోసి, డబ్బాను గోడ పక్కన బోర్లించాడు. జీపు ప్రొద్దుటూరు షెడ్డుకు పోయి రెండు నెలలయింది. చేతులు మాత్రం ఈ పని మానుకోలేదు.

పొట్టి మనిషి. యాభై దాటాయి. మోకాళ్ల దగ్గర మెరుగు తేలిన ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా, దాని కింద జంధ్యం. స్టీరింగు పట్టీ పట్టీ అరచేతులు తోలు ముక్కల్లా గట్టిపడ్డాయి. పులివెందులలో పద్మావతమ్మ గారి ఇంటి వెనక గదిలో ఉంటాడు. ఆమె భర్త యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలంలో కొన్న జీపు అది. ఆయన పోయాక కూడా తొండూరు పొలాలకు ఆమెను తిప్పింది అదే, తోలింది ఇతనే. మొన్న వేసవిలో తొండూరు ఎగువన ఇంజను బ్లాకు నిలువునా పగిలింది. అతుకు పడదన్నారు. వేరే ఇంజను దించాలి.

పద్మావతమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సామీ, మా తమ్ముడు దాన్ని పాత ఇనుముకు ఎయ్యమంటాండాడు. నువ్వు పరిగెత్తిస్తానంటే వాని నోరు నేను మూయిస్తా. రెండింజన్లు ఉండాయంటివి గదా, ఏది మేలో నువ్వే చూసి తేల్చుకోని రా."

"నేనా అమ్మా?"

"ఇంగెవరు? నాకేం తెలుస్తాది ఇంజన్ల సంగతి."

జీపు పాత ఇనుముకు పోతే ఆ ఇంట్లో తనకేం పని ఉంటుందో అతను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. తల ఊపి బస్టాండుకు నడిచాడు.

బస్టాండు ముందర శివమ్మ హోటల్లో ఇడ్లీ తినడం అలవాటు. ఆమె అతన్ని చూసి గరిటె పట్టుకొని అట్లాగే నిలబడింది.

"ఏం సామీ, బస్సుకొచ్చినావు? జీపు మల్లా చెడిపోయిందా?"

"బాగయితే గదా శివమ్మా, మల్లా చెడిపోయేది. పొద్దుటూరు షెడ్డులోనే ఉంది."

"తెల్లారేటప్పుడు ఈ దావనే పోతివే. పిలిస్తే తిరిగి గూడా చూడకపోతివి."

"వేరే ఎవరిదో జీపు."

"వేరే వాళ్లదయితే నీ మాదిరి స్టీరింగు మీదికి మెడ సాచుకోని కూర్చుంటాడా?"

అతను నవ్వి చెయ్యి కడుక్కున్నాడు. పొట్టివాళ్లందరూ అట్లాగే కూర్చుంటారనుకున్నాడు.

బస్సు తొండూరులో ఆగినప్పుడు నారాయణ ఎక్కాడు. పద్మావతమ్మ పొలం గుత్తకు చేసే రైతు. కోదండపాణిని చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"వంక కాడ నిలబడి చెయ్యెత్తితి గదా సామీ, ఆపకపోతివే. నువ్వెప్పుడూ అట్ల పోయేవానివి కావు."

"ఎప్పుడు నారాయణా?"

"పొద్దున్నే. ఒక్కనివే ఉంటివి. నా దిక్కు చూసి గూడా చూడనట్టు పోతివి."

"జీపులో ఇంజనే లేదప్పా. యాడ నుంచి వస్తాది?"

నారాయణ అతని మొహంలోకి కాసేపు చూశాడు. మాట పెంచకుండా వెనక సీటులోకి పోయి కూర్చున్నాడు. ముద్దనూరులో దిగేటప్పుడు కూడా పలకరించలేదు.

శివమ్మ మాట నవ్వి వదిలేసినా, ఈ మాట కోదండపాణికి తగులుకుంది. దోవలో చెయ్యెత్తిన మనిషిని అతనెన్నడూ వదిలి పోలేదు. పురిటి నొప్పుల ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను, ఒకసారి ఓట్ల పెట్టెలను, ఒకసారి పొలంలో పిడుగు పడి పోయిన దంపతులను కూడా ఆ జీపు వెనక భాగంలో మోశాడు. కాసేపు ఎడమ చెయ్యి బరువుగా అనిపించింది. కిటికీ మీద ఆనించి కూర్చున్నందుకు తిమ్మిరెక్కిందేమోనని దులుపుకున్నాడు.

అతని జీవితంలో ఏదీ అతను కోరుకొని తెచ్చుకున్నది కాదు. జమ్మలమడుగులో అర్చకుల ఇంట్లో రెండో కొడుకు. గుడి అన్న శేషాచలానికి వచ్చింది. పటాలానికి మనుషులను చేర్చుకునేవాళ్లు వచ్చినప్పుడు తండ్రి తిడుతున్నా వరుసలో నిలబడ్డాడు. ఎవరో సుబేదారు వేలు చూపించి లారీ ఎక్కించాడు, అట్లా డ్రైవరయ్యాడు. అస్సాం కొండల్లో బియ్యం మూటలు మోసి తిరిగొస్తే, తండ్రి గడప బయటే విస్తరి వేయించాడు. పెళ్లి కూడా ఎవరో కుదిర్చిందే. జయలక్ష్మి రెండో ఏడు కలరాకు పోయింది. ఆ తర్వాత జీపే. పద్మావతమ్మ కూతురి పెళ్లి ఫోటోలో జీపు నిండుగా పడింది, అతని మోచెయ్యి ఒక్కటే పడింది. ఊళ్లలో జనం జీపొచ్చింది అనేవాళ్లు, జీపు పోయింది అనేవాళ్లు. లోపల ఉన్నది ఎవరని ఎవరూ వంగి చూసేవాళ్లు కాదు. ఈ రోజు మాత్రం ఇద్దరు తనను చూశామంటున్నారు. అదీ తాను లేని చోట.

బస్సు పెన్న దాటింది. జమ్మలమడుగులో దిగి, అన్న ఉండే వీధి మొదట్లో కాసేపు ఆగాడు. లోపలికి పోలేదు. పత్తి మిల్లు వెనక ఆదినారాయణ కొట్టుకు నడిచాడు. ఆదినారాయణ పాత మోటార్లు కొని విడి భాగాలమ్మే ముసలాయన. పెద్ద చింతచెట్టు నీడలో రేకుల కొట్టు, పట్టపగలు కూడా చల్లగా ఉంటుంది. లోపల దుంగల మీద జీపు ఇంజను ఒకటి కూర్చోబెట్టి ఉంది. తన జీపుకు పుట్టుకతో ఉన్నటువంటిదే. కురచగా, కుదురుగా, ఎక్కడి బోల్టు అక్కడే. చూడగానే తన మనిషిని చూసినట్టయింది.

"మల్లా వచ్చినావే," అన్నాడు ఆదినారాయణ, నులకమంచం మీంచి లేవకుండానే.

కోదండపాణి ఇటు తిరిగాడు. "నేను ఇదే రావడం."

"పొద్దున్నే వస్తివి గదప్పా. హ్యాండిలు తిప్పించి స్టార్టు చేపించినావు. చెవి పెట్టి శానాసేపు విన్యావు. 'నాకిది చాలు' అని పోయినావు."

"జీపులో వస్తినా?"

"నడిచొచ్చే మనిషివా నువ్వు?"

కోదండపాణి మెల్లగా ఇంజను దగ్గరికి పోయి బ్లాకు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఎండ తగిలే చోటు కాదు. చేయి తీసి మళ్లీ పెట్టాడు. ఊరంతా తిరిగి వచ్చి అప్పుడే ఆపిన బండి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అంతకుముందే ఎవరో అరచెయ్యి ఆనించినంత మేర దుమ్ము తుడిచేసి ఉంది.

"ఇంగేం చూస్తావు? తీసకపో," అన్నాడు ఆదినారాయణ.

"సాయంత్రానికి చెప్పి పంపిస్తా."

బయటికి వచ్చి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది. భయం అనుకున్నాడు మొదట. కాసేపటికి అది భయం కాదనిపించింది. నాకిది చాలు. ఆ మాట తనదే. ఈ కొట్టులోకి వస్తే తాను అనాల్సిన మాట అదే. తనకంటే ముందు ఎవరో వచ్చి అనేసి పోయారు. ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాటనే తిప్పి తిప్పి చూశాడు. చాలు అన్నది నిజమే. ఎవరికి చాలు, ఎన్నాళ్లకు చాలు అనేదే తేలలేదు.

ప్రొద్దుటూరులో దిగేసరికి ఎండ వాలుతోంది. మెకానిక్ హుమాయున్ షెడ్డు ముందర కూర్చొని నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఇద్దరిదీ ఒకటే ఈడు. లోపల జీపు ఇటుక గోడకు ఎదురుగా ఉంది. బానెట్ ఊడదీసి పక్కన పెట్టారు, ఇంజను ఉండాల్సిన చోట చీకటి గొయ్యి.

"ఈ రోజు దీన్ని ఎవరన్నా బయటికి తీసినారా భాయ్?"

"ఇంజన్ లేకుండానా? తాళం నా కాడనే ఉండాది సామీ. మధ్యాహ్నం నేనొచ్చే తెరిచినా."

కోదండపాణి గొంతుకూర్చొని ముందు టైరు పట్టుకున్నాడు. గీతల్లో ఇసక ఇరుక్కొని ఉంది. గోటితో గీకాడు. సన్నటి పెన్న ఇసక, ఇంకా తడిగా ఉంది. హుమాయున్ కూడా వంగి చూశాడు.

పక్కన బల్ల మీద రెండో ఇంజను ఉంది. కొత్త రకం. బలం ఎక్కువ, సామాన్లు మద్రాసులో ఎప్పుడు కావాలన్నా దొరుకుతాయి. పాతదానికి ఇంకొన్నేళ్లు పోతే చిన్న రబ్బరు ముక్క కూడా దొరకదని హుమాయున్ ముందే చెప్పాడు. కానీ ఇది బెత్తెడు ఎత్తు ఎక్కువ. బానెట్ మూసుకోదు. దాన్ని కోసి, అంత మేర రేకు అతికి పైకి లేపాలి. జీపు మొహమే మారిపోతుంది.

"చెప్పు సామీ. జమ్మలమడుగుదేనా?"

"అది నాకు చాలు," అన్నాడు కోదండపాణి. "నా తర్వాత తోలేవానికి చాలదు. ఇదే ఎక్కించు. బానెట్ కోసెయ్."

"నీ తర్వాత ఎవరు? ఇంగా శానా ఏండ్లు నువ్వే తోల్తావు."

"కోసెయ్ భాయ్."

గొంతు ఎప్పుడూ లేనంత స్థిరంగా ఉండడం హుమాయున్ గమనించాడు. అయితే ఒక చిక్కుంది. బానెట్ లేస్తే ఈ పొట్టి మనిషికి ముందరి దోవ కనిపిస్తుందా? ఎక్కి కూర్చోమన్నాడు. కొత్త బానెట్ రాబోయే ఎత్తులో ఒక చెక్క అడ్డంగా పట్టుకున్నాడు.

"కనపడ్తాందా?"

"లేదు."

మూలనున్న గోనెసంచి తీసి ఇచ్చాడు. కోదండపాణి దాన్ని నాలుగు మడతలు పెట్టి, కింద వేసుకొని కూర్చొని, స్టీరింగు పట్టుకొని మెడ సాచాడు. అతని మొహంలో బిగువంతా వదిలింది.

"ఇప్పుడు కనపడ్తాంది."

"ఏంది?"

"దావ."

ఎదురుగా ఉన్నది ఇటుక గోడ. హుమాయున్ పరిహాసమనుకొని నవ్వాడు. చెక్కను ఆ ఎత్తులోనే పట్టి, అద్దం చట్రం మీద రెండు పక్కలా సుద్దతో గీతలు గీశాడు. గీసి లేచేసరికి కోదండపాణి అట్లాగే ఉన్నాడు, చేతులు స్టీరింగు మీద, చూపు చెక్క మీదుగా దూరంగా.

"సామీ."

మళ్లీ పిలిచాడు. తర్వాత చెక్కను చప్పుడు కాకుండా కింద పెట్టి, తల మీది టోపీ సరిచేసుకొని, బయటికి పోయి మనుషులను పిలుచుకొచ్చాడు.

శేషాచలం వచ్చి తమ్ముడికి జరిపించాల్సిన కర్మలన్నీ జరిపించాడు. పద్మావతమ్మ షెడ్డుకు మనిషిని పంపి, చివరికి కోదండపాణి ఏ ఇంజను అన్నాడో కనుక్కుంది. తన తమ్ముడు ఏమన్నా వినలేదు. సుద్ద గీతల వరకూ బానెట్ లేపించి, ఎత్తయిన ఇంజనే పెట్టించింది. జీపు పులివెందులకు తిరిగొచ్చిన రోజు శివమ్మ హోటలు ముందర హారన్ విని, చేతిలో పని వదిలేసి బయటికి వచ్చి చూసింది. మారిపోయిన ఆ మొహాన్ని చూసి వెంటనే పోల్చుకోలేకపోయింది.

కొత్తగా వచ్చిన డ్రైవరు పొడుగు మనిషి. అతనికి ఎత్తు అక్కర్లేదు. మొదటి రోజే గోనెసంచిని తీసి వెనక సీటు మీద పడేశాడు. ఎన్ని గతుకుల్లో పడి లేచినా అది మడత విప్పుకోలేదు. దాని నడుమ ఒక మనిషి కూర్చున్నంత మేర పల్లం, అట్లాగే ఉంది.