ఏడోవాడి వరస

ఆ ఇంటి పెద్దకోడలూ చిన్నకోడలూ రోజూ ఒకే బస్సెక్కి, ఒకే ఆఫీసుకెళ్ళి, ఒకే గదిలో కూర్చుని, ఒకే డబ్బాలోది పంచుకుని తినేవాళ్ళు. పెద్దకోడలి కడుపు మాత్రం భోజనానికి ముందే మండుతుండేది.

ఆఫీసంటే మ్యూజియంలో ఫోటోల గది. ఉత్తరాన మంచుకొండల కింద పల్లెల్లో ఏనాటినుంచో తీసిన ఫోటోలన్నీ అక్కడే ఉన్నాయి. గడ్డకట్టిన నదికి కన్నం పెట్టి బట్టలు జాడించుకునే ఆడవాళ్ళు, గనిలోకి దిగే మగవాళ్ళు, కాలిపోయిన కలప డిపో, వరదకి కప్పుదాకా మునిగిన బడి. వాటికి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఎవరెవరున్నారో వెనకవైపు పెన్సిలుతో రాయడం వీళ్ళ పని. పెద్దకోడలు ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. చిన్నకోడలికి ఆ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. తన వేలితో తన కన్నే పొడుచుకుంది పాపం.

ఎందుకంటే, చిన్నకోడలు పిలిస్తే ఫోటోల్లో మనుషులు ఇటు తిరిగేవాళ్ళు. సాయంత్రం గదికి తాళం వేసేముందు "పిన్నీ, ఒక్కసారి ఇటు చూడవూ" అంటే చాలు, పొద్దుటికల్లా నది దగ్గరి పిన్ని బట్టలు పక్కనబెట్టి ఇటు చూస్తూ ఉండేది. దానికెవరూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. ఆఫీసరుగారిది ఒకటే గొడవ: "తిప్పితే తిప్పావు గానీ అమ్మాయ్, కార్డు మీద 'వెనక నుంచి' అని ఉన్నది దిద్దమ్మా."

పెద్దకోడలూ ప్రయత్నించింది, ఎవరూ చూడకుండా, కార్డు మీది నంబరు చూసి. "నాలుగువందల పన్నెండూ, ఇటు తిరుగు" అంది. నాలుగువందల పన్నెండు చెవిటివాడిలా అలాగే ఉన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి! మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఇక్కడ తోడికోడలు నవ్వను కూడా లేదు. అదే ఇంకా మంట.

ఆవిడ సొరుగులో, కాగితాల అడుగున, ఒక ఫోటో బోర్లా పెట్టి ఉండేది. మంచుచరియ విరిగి సగం పల్లెని కప్పేసిన రోజున తీసింది. ఏడుగురు మగవాళ్ళు వరసగా, మనకు వీపులు పెట్టి, పారలతో మంచు తవ్వుతున్నారు. ఫోటో తీసిన గంటకే రెండో చరియ పడింది. ఏడుగురిలో ఒక్కడూ మిగల్లేదు. ఆరుగురెవరో వాళ్ళ ఇళ్ళవాళ్ళకి తెలుసు. ఏడోవాడెవరో ఎవరికీ తెలీదు.

ఆ రోజునుంచే పెద్దకోడలి నాన్న కనబడలేదు. అప్పటికి ఆవిడకి ఆరేళ్ళు. ఆయన తవ్వడానికి వెళ్ళడం చూసినవాళ్ళు లేరు. "మంచులో పోయాడో, మంచి దారి చూసుకుని పోయాడో" అని ఊరు నవ్వింది. ఆ మాట మోసీ మోసీ వాళ్ళమ్మ పోయింది. అత్తగారికి కోపమొస్తే ఇప్పటికీ "పారిపోయినవాడి కూతురు" అంటుంది. అదీ చిన్నకోడలి ముందు!

నాన్న మొహం ఆవిడకి గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక గుండీ. అమ్మ జ్వరంతో పడుకున్న రోజు నాన్న నల్లకోటుకి ఊడిన గుండీ తనే కుట్టింది, తెల్లదారంతో, ఉండాల్సిన చోటుకి బెత్తెడు పక్కన. కాలరు వంకరపోయింది. ఆయన విప్పించలేదు. తెల్లారి అదే తొడుక్కుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. కానీ గుండీ ముందుంటుంది. ఫోటోలో ఉన్నది వీపు.

చిన్నకోడల్ని ఒక్కమాట అడిగితే పొద్దుటికి తేలిపోయేది. రెండేళ్ళు అడగలేదు. నలభై నాలుగేళ్ళు నాకు మొహం చూపించనివాడు, నిన్నగాక మొన్నొచ్చినదాని పిలుపుకి తిరిగితే? ఆ ఊహకే ఒళ్ళు భగ్గుమనేది. దానికన్నా అలా వీపుతోనే ఉండనీ అనుకునేది.

ఒక సోమవారం ఆఫీసరుగారు వచ్చారు. "పోయిన ఏడుగురి పేర్లూ రాయి మీద చెక్కిస్తున్నారు. శుక్రవారానికి జాబితా పంపాలి. ఆ ఫోటో ఏదమ్మా?"

ఇవ్వక తప్పలేదు. ఆయన దాన్ని తీసుకెళ్ళి నేరుగా చిన్నకోడలి బల్లమీద పెట్టారు. "ఏడోవాడు తిరిగితే సరే, మొహం చూసి ఎవరో ఒకరు గుర్తుపడతారు. లేకపోతే 'గుర్తు తెలియని వ్యక్తి' అని చెక్కించేస్తాం."

మంగళవారం పొద్దున్నకి ఆరుగురు తిరిగారు, గెడ్డాల నిండా మంచుతో. ఏడోవాడు తిరగలేదు. బుధవారమూ లేదు. గురువారమూ లేదు. పెద్దకోడలికి ఎంత సంతోషమో! దాని పిలుపుకి తిరగలేదు, అంతే చాలు. కాసేపటికి ఆ సంతోషం చూసుకుని ఆవిడకే సిగ్గేసింది.

గురువారం సాయంత్రం చిన్నకోడలు ఫోటో తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పలకడం లేదక్కా."

"నీకు పలకనివాళ్ళు కూడా ఉన్నారూ?"

"అన్నా అన్నాను, బాబాయ్ అన్నాను, మావయ్యా అన్నాను, తాతా అని కూడా అన్నాను. వరస కుదరడం లేదు."

"వరసేమిటే?"

"వరస కలపకుండా పిలిస్తే ఎవరు తిరుగుతారక్కా? నంబరు పెట్టి పిలిస్తే మనం మాత్రం పలుకుతామా?"

పెద్దకోడలికి నాలుగువందల పన్నెండు గుర్తొచ్చాడు. తల దించుకుంది.

"ఇంకొక్క వరసే మిగిలింది" అంది చిన్నకోడలు. "మీ నాన్న నాకూ నాన్న వరసేగా. పిలవొచ్చు. పిలవలేదు."

"ఆయనేనని నీకెవరు చెప్పారు?"

"రెండేళ్ళుగా నీ సొరుగు పక్కనేగా కూర్చుంటున్నాను."

"మరి పిలవలేదేం?"

"నాకు తిరిగితే, నువ్వు ఈ జన్మలో నాతో మాట్లాడవు." తాళంచెవి బల్లమీద పెట్టి, "బస్టాపులో ఉంటా" అని వెళ్ళిపోయింది.

పెద్దకోడలు ఫోటో ముందు కూర్చుంది. నలభై నాలుగేళ్ళు వాడని మాట. మూడోసారికి బయటికొచ్చింది.

"నాన్నా."

ఫోటో కదల్లేదు.

"పారిపోయావని నేనెప్పుడూ అనలేదు నాన్నా" అంది. అబద్ధం. దిద్దుకుంది. "అనుకున్నాను. చాలాసార్లు అనుకున్నాను. అయినా ఇటు చూడు."

శుక్రవారం పొద్దున్న తలుపు తీసేసరికి ఏడోవాడు తిరగడమే కాదు, వరసలోంచి బయటికొచ్చేశాడు. పార వెనకాల మంచులో గుచ్చి ఉంది. ఆయన ఫోటో అంచుదాకా నడిచొచ్చి నిలబడ్డాడు. కాలరు వంకరగా ఉంది. గుండీ బెత్తెడు పక్కన, నల్లకోటు మీద తెల్లదారం.

ఆవిడ ఏడవడం ఆఫీసరుగారు చూసి, జాబితా ఆవిడ చేతికిచ్చారు. ఏడో పేరు ఆవిడే రాసింది. పెన్సిలుతో కాదు, పెన్నుతో. అత్తగారు ఇక వేరే తిట్టు వెతుక్కోవాల్సిందే.

చిన్నకోడలు ఆవిడ భుజంమీంచి వంగి చాలాసేపు ఫోటోని చూసింది.

"నేను పిలిస్తే తలలు తిప్పారు గానీ, ఒక్కళ్ళూ ఒక్క అడుగు ముందుకెయ్యలేదక్కా" అంది. ఆ గొంతులో కాస్త మంట వినబడింది. పెద్దకోడలికి ఆ మంట ఎంత బాగా తెలుసో!

"రేపు నువ్వూ పిలువు" అంది.

"ఏమని?"

"నాన్నా అనే."

అనేసి, నోరు జారానా అనుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.