పిట్టలదొరను పడేసిన కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎర్రటిదాన్ని, చేతులున్నదాన్ని. మీరు నన్ను టీవీలో చూసే ఉంటారు. చూసి నవ్వే ఉంటారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో. అచ్చులోంచి నిమిషంలో బయటపడ్డాను. మీ పిల్లలకు నిలబడడానికి ఏడాది పడుతుంది. నేను పుట్టగానే నాలుగు కాళ్లమీద నిలబడ్డాను. సామర్లకోటలో టెంట్ హౌస్ నడిపే చిట్టిబాబు నన్నూ, నా తోబుట్టువులనూ లారీలో దింపించుకున్నాడు. ఎనిమిదేళ్లు పెళ్లిళ్లకీ, పెద్దకర్మలకీ, పార్టీ మీటింగులకీ వెళ్లాను. పప్పులో ఉప్పు చాలలేదని పెళ్లివారిని తిట్టినవాణ్నీ, చనిపోయినవాడి భోజనాల్లో మూడోసారి గారెలు అడిగినవాణ్నీ ఒక్కలాగే మోశాను. ఎవర్నీ పడెయ్యలేదు. కుర్చీకి ఉండే పరువు అదొక్కటే.

చిట్టిబాబు అక్క మంగ. ఆమె భర్త నూకరాజు టైలరు. పండగలొస్తే అతను పిట్టలదొర వేషం కట్టేవాడు. తనే కుట్టుకున్న ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ. పిట్టలదొర పని అబద్ధాలు చెప్పడమే. ఎంత పెద్ద అబద్ధం చెబితే అంత గొప్ప దొర. "మాది చాలా పెద్ద బంగళా అండి. మా ఆవిడ కాపరానికొచ్చిన రోజు వాకిలి ఊడవడం మొదలెట్టిందండి. పెరట్లోకొచ్చేసరికి ముసిల్దైపోయిందండి!" అనేవాడు. అనేటప్పుడు అతని మొహంలో నవ్వుండేది కాదు. అదీ విద్య. జనం పొట్టలు పట్టుకునేవారు. అందరికంటే ముందు మంగే నవ్వేది.

ఆ రోజుల్లో టీవీలో 'ఇంటింటా పకపక' అని ఒక కార్యక్రమం వచ్చేది. జనం ఇళ్లల్లో తీసి పంపిన వీడియోలను నవ్వులు జోడించి వేసేవారు. తన దొర వేషం ఒక్కసారి అందులో రావాలని నూకరాజు కోరిక. చిట్టిబాబు చేత ఫోనులో తీయించి నాలుగుసార్లు పంపాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి చిట్టిబాబే టీవీవాళ్లకి ఫోను చేసి కనుక్కున్నాడు. అవతలివాడు చెప్పింది నేను పక్కనే ఉండి విన్నాను.

"మాటలెవరు వింటారండీ? ఎవరైనా పడ్డవి ఉంటే పంపండి. తెలిసి పడితే పనికిరాదు, తెలియకుండా పడాలి."

మీలో బావను ఆటపట్టించే హక్కు బామ్మర్దికి పుట్టుకతోనే వస్తుందట. అక్క పెళ్లిలో పీటమీది గుడ్డ కింద అప్పడాలు పెట్టినవాడు చిట్టిబాబు. అందరూ నవ్వారు, నూకరాజూ నవ్వాడు. ఆ ధైర్యంతోనే కాబోలు, ఆదివారం పొద్దున్నే నన్ను తిరగేసి, వెనక కాలును రంపం బ్లేడుతో ముప్పాతిక వంతు కోసేశాడు. నాకు నోరుంటే ఊరంతా వినపడేలా అరిచేదాన్ని.

"బావా, ఈసారి కూర్చుని చెప్పు. దొరన్నాక నిలబడి మాట్టాడతాడేటి?" అన్నాడు.

నూకరాజుకి ఆ మాట నచ్చింది. కాలుమీద కాలేసుకుని నాలో దర్జాగా కూర్చున్నాడు. బంగళా మాట దాకా వచ్చి, మాటలో ఊపు తెచ్చుకుని వెనక్కి వాలాడు. నేను ఆపలేకపోయాను. వెల్లకిలా పడ్డాడు, అతని కుడి మణికట్టు విరిగింది. మంగ లబోదిబోమని పరిగెత్తుకొచ్చింది. చిట్టిబాబు ఫోను దించలేదు.

అది మాత్రం వెంటనే వేశారు. నూకరాజు వీధంతటినీ ఇంటికి పిలిచాడు, తన మాటలు వస్తాయని. వాళ్ల పెరట్లో పడి ఉన్న నాకు కిటికీలోంచి టీవీ కనిపిస్తూనే ఉంది. ఒక్క మాటా రాలేదు. అతను పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారి నెమ్మదిగా పడ్డాడు, వెనకాల బాతు అరుపులు, ఎవరివో నవ్వులు. ఇంట్లోవాళ్లూ విరగబడి నవ్వుతున్నారు. నూకరాజు టీవీలో నా కాలునే చూస్తున్నాడు. లేచి పెరట్లోకొచ్చి, నన్ను తిరగేసి, ఎడమచేతి బొటనవేలితో అంచు తడిమాడు. కత్తిరించినదానికీ చిరిగినదానికీ తేడా టైలరుకి ఒకరు చెప్పాలా?

వినాయక చవితి పందిట్లో, సాయంత్రం, చేతికి కట్టుతోనే వేషం కట్టాడు. నోరు తెరవకముందే జనం, "పడు దొరా, పడు!" అని కేకలు. అప్పుడు అతను ఇంటినుంచి తెచ్చిన నన్ను వేదికమీదికి ఈడ్చుకొచ్చి కోసిన కాలు చూపించాడు.

"మా బామ్మర్ది నన్ను టీవీలో చూపించాలని ఈ కాలు రంపంతో కోసేశాడండి."

పందిరి ఎగిరిపోయేటట్టు నవ్వారు. ముందు వరసలో చిట్టిబాబు చప్పట్లు కొట్టాడు. నూకరాజు టోపీ తీశాడు. కోటు విప్పాడు. చెమటకు తడిసిన బనీనుతో నిలబడ్డాడు.

"ఇది దొర మాట కాదండి. నేను, టైలర్ నూకరాజుని చెప్తన్నాను. నిజంగా కోశాడండి."

ఇంకా నవ్వారు. "కోటిప్పినా అబద్దాలు మానవా దొరా!" అని ఎవరో అరిచారు. అతని మొహంలో నవ్వు లేదు. ఎప్పుడూ ఉండదుగా, అది కూడా వేషమే అనుకున్నారు. సిగ్గుండాలి మీకు.

ఒక్క మంగ నవ్వలేదు. ఆడవాళ్ల వరసలోంచి లేచొచ్చి, నా కాలు అంచుమీద వేలు పెట్టి చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"కోశావా?"

"సరసానికే అక్కా. బావ కదా."

ఆ నవ్వుల్లో ఈ రెండు మాటలూ ఎవరికీ వినపడలేదు. మంగ కోటు తీసి భర్త భుజాలమీద కప్పి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ తర్వాత నూకరాజు వేషం కట్టలేదు. చెయ్యి బాగయ్యాక ఆ కోటును తనే విప్పదీసి, సంచులు కుట్టేశాడు.

నేనిప్పుడు పాత సామాన్ల కొట్టు వెనక, పగిలిన బిందెల మధ్య పడి ఉన్నాను. ఇందాక కొట్టువాడు నన్ను ఎత్తి చూసి, "విరిగిన కుర్చీ" అని కుప్పమీదికి విసిరేశాడు.

నేను విరగలేదు. నన్ను కోశారు.